ఎవరి సరుకు? ఎవరి పేరు?

మా మేనల్లుడు ఉద్యోగం పనిమీద ఎడింబరో వెళ్ళి మూడు నెలలుండి వచ్చాడు. వచ్చేటప్పుడు వాళ్ళమ్మకొక శాలువా, నాకొక సీసా తెచ్చాడు. సాహిత్య పత్రికలో సీసా మాట ఎత్తినందుకు పెద్దలు మన్నించాలి. సీసపద్యమైతే వారికి అభ్యంతరం ఉండేది కాదని నాకు తెలుసు.

నేను తాగుబోతును కాను. అలాగని ఋషినీ కాను. నలుగురు బంధువులు కూడినప్పుడు ఒక గ్లాసు పట్టుకుని రాత్రంతా గడిపే రకం. అయితే ముప్పై ఏళ్ళ పైచిలుకు బ్యాంకు నౌకరీలో నాకొక జబ్బు పట్టుకుంది. ఏ కాగితం చేతికొచ్చినా ముందు అడుగున సంతకం ఎవరిదో చూస్తాను. విషయం తర్వాత. సీసా చేతికొచ్చినా అదే పని చేశాను.

చీటీ మీద చాలా సంగతులున్నాయి. ఇస్లే దీవిలో కాచిన సింగిల్ మాల్ట్ విస్కీ అట. వయసు పన్నెండేళ్ళు. చివరి తొమ్మిది నెలలు బ్రాందీ నిలవచేసిన పీపాలో ఉంచారట. పీపా నంబరు, ఆ పీపాలోంచి ఎన్ని సీసాలు వచ్చాయో, ఇది ఎన్నోదో, అన్నీ రాసి ఉన్నాయి. సీసాలో నింపిన కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. కాచిన బట్టీ పేరు మాత్రం ఎక్కడా లేదు. కళ్ళజోడు పెట్టుకుని వెనకా ముందూ తిప్పి చూశాను.

"ఏమిరా, ఇది కాచింది ఎవరు?"

"తెలియదు మామా. వాళ్ళు చెప్పరు. ఊహించుకోవాల్సిందే."

"పేరు చెప్పని మనిషికి నేను నూరు రూపాయలు అప్పివ్వను. నువ్వు ఇంత డబ్బు పోసి కొన్నావా?"

వాడు నవ్వాడు. "పోసింది డబ్బు కాదు మామా, నమ్మకం" అన్నాడు. ఈ కాలం పిల్లలు మాటకు మాట బాగా చెబుతారు. కాని ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. కారణం విస్కీ కాదు. అది చివర చెబుతాను.

ముందు ఈ సరుకు ఎలా తయారవుతుందో చెప్పాలి. మన వైపు రాగులు నానబెట్టి, మొలకగట్టి, ఎండబెట్టి, పిండి విసిరి పిల్లలకు కాచి పోస్తాం. స్కాట్లండులో బార్లీకీ అదే మర్యాద. తేడా ఎండబెట్టడంలో ఉంది. అక్కడ ఎండ తక్కువ. ఆ దీవుల్లో కట్టెలూ తక్కువే. కావలసినంత ఉన్నది పీట్. చిత్తడి నేలల్లో నాచూ గడ్డీ పూర్తిగా కుళ్ళకుండా పొరలు పొరలుగా పేరుకుంటే దాన్ని పీట్ అంటారు. ఇటుకల్లా కోసి, ఆరబెట్టి, మనం పిడకలు కాల్చినట్టు కాలుస్తారు. అది పేరుకునేది ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు. అంటే మీటరు లోతున తవ్వి తీసింది దాదాపు వెయ్యేళ్ళనాటి నాచు. రాజరాజ నరేంద్రుడి కాలంలో మొలిచిన గడ్డి ఈనాటి పొయ్యిలో మండుతుందన్నమాట.

ఆ పొగలోని ఫినాళ్ళు మొలక బార్లీకి పడతాయి. వాటిని పది లక్షల భాగాల్లో ఇన్ని అని కొలుస్తారు. ఇస్లేలోని ఆర్డ్‌బెగ్ బట్టీ వాడే మొలకలో ఈ కొలత 55 దాకా ఉంటుంది. రాయడం ఇస్లే అయినా పలకడం 'ఐలా' అని మావాడు నన్ను దిద్దాడు. మూత తియ్యగానే నాకు మా అవ్వ వంటిల్లు, మా ఊరి కాంపౌండరు గది రెండూ ఒక్కసారే గుర్తుకొచ్చాయి. ఒకదానిది తడికట్టెల పొగ, ఇంకోదానిది టింక్చరు అయోడిన్. ఆ రెంటి వెనక ఎండుద్రాక్ష తీపి మెల్లగా తగిలింది. అది బ్రాందీ పీపా ఇచ్చినది.

కాచిన సరుకు నీళ్ళలా తెల్లగా ఉంటుంది. రంగూ, రుచిలో చాలా భాగమూ ఓక్ చెక్క పీపాలోంచి వస్తాయి. స్కాచ్ అనిపించుకోవాలంటే 700 లీటర్లకు మించని ఓక్ పీపాలో, స్కాట్లండులోనే, కనీసం మూడేళ్ళుండాలని అక్కడి చట్టం. ఈ పీపాల్లో ఎక్కువ భాగం అమెరికావి. అక్కడ బూర్బన్ విస్కీకి ప్రతిసారీ కొత్త పీపా వాడాలన్న నియమం ఉంది కనక, ఒకసారి వాడినవి సముద్రం దాటి వస్తాయి. చివర్లో కొన్ని నెలలు మరో పీపాలోకి మార్చే పద్ధతిని 1980లలో బాల్వెనీ బట్టీకి చెందిన డేవిడ్ స్టీవార్ట్ స్థిరపరిచాడు. అక్కణ్ణించి షెర్రీ, పోర్టు, రమ్ము, బ్రాందీ పీపాలన్నీ వరసకట్టాయి.

కామర్సు చదివినవాణ్ణి. జమాఖర్చు రాయకుండా ఉండలేను. బార్లీ ఒక రైతుది. పొగ ఆ నేలది. కాచిన చెయ్యి ఒక బట్టీది. మొదటి పీపా అమెరికా వాడిది. రెండోదానిలో ఉండిపోయిన వాసన బ్రాందీ కాచినవాడిది. పన్నెండేళ్ళు కాపాడింది గిడ్డంగి. పేరు మాత్రం సీసాలో నింపినవాడిది. సొమ్మొకడిది, సోకొకడిది.

ఇక్కడ తాత్త్వికులు అడ్డుపడతారు. నాగసేన భిక్షువు మిళింద రాజును రథం గురించి అడిగాడు కదా, ఇరుసు రథమా, చక్రాలు రథమా అని? ఏ ఒక్కటీ కాదు, అన్నీ కూడినప్పుడు మనం పెట్టుకున్న పేరే రథం. విస్కీ కూడా అంతే అనవచ్చు. ఒప్పుకుంటాను. కాని భిక్షువుకు కావలసింది రథం ఉందా లేదా అన్నది. నాకు కావలసింది రథం చేసిన వడ్రంగికి కూలి ముట్టిందా లేదా అన్నది. పేరు ఉత్త సంకేతమే కావచ్చు. చెక్కు మీద సంతకం కూడా ఉత్త గీతే. అయినా డబ్బు దాని వెంటే నడుస్తుంది.

అలాగని సీసాలో నింపేవాళ్ళను దొంగలనడం న్యాయం కాదు. వారి చరిత్ర చదివితే నాకు గౌరవమే కలిగింది. అబర్డీన్‌లో 1842లో మొదలైన కేడెన్‌హెడ్, ఎల్గిన్‌లో 1895లో కిరాణా కొట్టుగా మొదలైన గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్ ఇలాంటివారే. ఆ రోజుల్లో బట్టీల సరుకు దాదాపు అంతా మిశ్రమాలు తయారుచేసే పెద్ద వ్యాపారులకు పోయేది. తన సరుకు ఏ సీసాలో ఎన్నోవంతుందో కాచినవాడికే తెలిసేది కాదు. ఈ కొట్లవాళ్ళు పీపాలు కొని, దాచి, ఒక్కో బట్టీ సరుకును విడిగా, దాని పేరు చెప్పి అమ్మారు. పేరు లేనివాడికి పేరు తెచ్చిపెట్టారన్నమాట.

తర్వాత కథ తిరగబడింది. బట్టీల పేర్లకే గిరాకీ వచ్చింది. "సరుకు అమ్ముతాం, పేరు అమ్మం" అని షరతు పెట్టే బట్టీలు తయారయ్యాయి. 1983లో లీత్‌లో మొదలైన స్కాచ్ మాల్ట్ విస్కీ సొసైటీ అసలు పేర్లే మానేసి అంకెలు పెట్టుకుంది. మొదటి అంకె బట్టీది, రెండోది పీపాది. ఇంకా విచిత్రమైన ఉపాయం ఒకటుంది. గ్లెన్‌ఫిడిక్, బాల్వెనీ ఇరుగుపొరుగు బట్టీలు, ఒకే కుటుంబ సంస్థవి. బాల్వెనీ పీపాను బయటివారికి అమ్మేటప్పుడు అందులో చెంచాడు గ్లెన్‌ఫిడిక్ కలుపుతారు. వందల లీటర్లలో ఒక్క చెంచా! రుచిలో తేడా ఏ నాలుకకూ తెలియదు. కాని చట్టం దృష్టిలో అది ఇక బాల్వెనీ సింగిల్ మాల్ట్ కాదు. వ్యాపారంలో దాన్ని 'బర్న్‌సైడ్' అంటారు. తిరగేసి కలిపితే 'వార్డ్‌హెడ్'. కొన్నవాడు బాల్వెనీ పేరు వాడుకోకుండా ఆ చెంచాడే కాపలా కాస్తుంది.

ఇది మోసమా? నేను చాలాసేపు ఆలోచించాను. మోసం కాదనే తేలింది. పేరు ఎవరిదో వారే దాన్ని తీసుకున్నారు. కొన్నవాడికి సంగతి ముందే తెలుసు. తాగేవాడికి అబద్ధం చెప్పలేదు.

దీనికి ఎదురుగా ఇంకో ఉదంతం పెట్టి చూడండి. 2003లో డియాజియో సంస్థకు కార్డూ అనే సింగిల్ మాల్ట్ చాలలేదు. స్పెయిన్‌లో గిరాకీ అంత పెరిగింది. అప్పుడు వేరే బట్టీల మాల్టు కూడా కలిపి, సీసా రూపం దాదాపు అలాగే ఉంచి, 'సింగిల్' అన్నచోట 'ప్యూర్' అని మార్చి, కార్డూ అన్న పేరుతోనే అమ్మారు. తోటి వ్యాపారులే గొడవ చేశారు. 2004లో వెనక్కు తీసుకోవలసి వచ్చింది. 2009 నిబంధనల్లో 'ప్యూర్ మాల్ట్' అన్న మాటే నిషిద్ధమయింది. మావాడి సీసాలో సరుకుంది, పేరు లేదు. కార్డూలో పేరుంది, ఆ పేరుగల సరుకు పూర్తిగా లేదు. మొదటిది మౌనం, రెండోది మాయ. రెంటినీ ఒకే గాట కట్టకూడదు.

చట్టం ఇంకో సున్నితమైన గీత కూడా గీసింది. స్కాచ్‌లో నీళ్ళూ, రంగు కోసం మాడ్చిన చక్కెరా తప్ప మరొకటి కలపరాదు. బ్రాందీ పీల్చుకున్న చెక్కలోంచి బ్రాందీ రుచి ఊరితే అది పక్వం. అదే బ్రాందీ చెంచాడు తీసుకుని పైనుంచి పోస్తే కల్తీ. నాలుకకు రెండూ ఒకటే అనిపించినా ఒకటి కాలం చేసిన పని, ఇంకోటి చెయ్యి చేసిన పని. మొదట ఇది ఛాందసం అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే మన ఇళ్ళలోనూ ఇదే న్యాయం. గురువు దగ్గర పదేళ్ళు కూర్చున్నవాడి గొంతులో గురువు పోకడ వినిపిస్తే సంప్రదాయం అంటాం. వారం రోజుల్లో అనుకరించి పాడితే వేరే మాట అంటాం.

అయితే చట్టం కూడా ఒక్కోసారి నిజానికి అడ్డు నిలుస్తుంది. 2015లో కంపాస్ బాక్స్ అనే సంస్థ తన రెండు మిశ్రమాల్లో ఏ వయసు విస్కీ ఎంతెంత కలిపిందో మొత్తం లెక్క బయటపెట్టింది. చట్టం ప్రకారం అన్నిటికన్నా చిన్న వయసు తప్ప మరో వయసు ప్రకటించకూడదు అని ఆక్షేపణ వచ్చింది. ఆ లెక్క తీసెయ్యవలసి వచ్చింది. తక్కువ చెబితే ఏ నేరమూ లేదు. ఎక్కువ చెప్పినందుకు తప్పయింది. ఆఫీసుల్లో పనిచేసిన వాళ్ళెవరికీ దీనిలో ఆశ్చర్యం కనిపించదు.

ఇక ఆ రాత్రి నిద్ర పట్టని సంగతి.

2006లో కోలారు దిక్కున పట్టుగూళ్ళ మార్కెట్టున్న ఒక ఊళ్ళో నేను బ్రాంచి మేనేజరును. నా కింద ఒక కుర్ర ఆఫీసరుండేవాడు. రెండు నెలలపాటు పొద్దున్నే మార్కెట్టుకు వెళ్ళి కూర్చునేవాడు. నూలు తీసే రీలర్ల లెక్కలు వాళ్ళ నోటితోనే చెప్పించుకుని రాసుకున్నాడు. గూళ్ళకు డబ్బు ఆ రోజే కట్టాలి. గూడు ఆగదు. ఆలస్యమైతే లోపలి పురుగు శలభమై తొలుచుకుని బయటికొస్తుంది, నూలు తెగిపోతుంది. నూలు అమ్మిన డబ్బు మాత్రం ఎప్పుడో వస్తుంది. ఆ మధ్య రోజులకే వాళ్ళు బయట ఎక్కువ వడ్డీకి అప్పు తెచ్చేవాళ్ళు. ఏడాదికొకసారి చూసే మా లోను పద్ధతి వాళ్ళకు పనికిరాదనీ, వారంవారం తిరిగే చిన్న లిమిట్లు ఇవ్వాలనీ పద్నాలుగు పేజీల నోటు రాసి నా బల్ల మీద పెట్టాడు. ఇన్నేళ్ళ నౌకరీలో అంత చక్కటి నోటు నేను మళ్ళీ చూడలేదు.

నేనేం చేశాను? భాష కొంచెం దిద్దాను. రెండు వాక్యాలు పైకి జరిపాను. చివర ఒక పేరా చేర్చాను. సంతకం పెట్టి పైకి పంపాను.

ఇందులో తప్పేముంది? బ్రాంచి నోట్లు మేనేజరు పేరుతోనే పోతాయి. అది పద్ధతి. నేను ఎక్కడా అబద్ధం రాయలేదు. పై ఆఫీసు మెచ్చుకుంది. ఇంకొన్ని బ్రాంచీలకు నకలు పంపింది. రెండేళ్ళ తర్వాత ప్రమోషన్ ఇంటర్వ్యూలో దాని గురించే అడిగారు. 'మేము' అని మొదలుపెట్టినవాణ్ణి మూడో వాక్యానికల్లా 'నేను'లోకి దిగాను. ఎవరూ పట్టుకోలేదు. ప్రమోషన్ వచ్చింది. అప్పటికి ఆ కుర్రవాడికి వేరే రాష్ట్రానికి బదిలీ అయింది.

పీపాలో ఉన్న విస్కీ స్కాట్లండు చలికి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. దాన్ని 'దేవదూతల వాటా' అంటారు. మా బెంగళూరు వేడికైతే 10 శాతం పైనే అని ఇక్కడ మాల్టు చేసేవాళ్ళు చెబుతారు. చక్రవడ్డీని తిరగేసి లెక్కవేశాను. పన్నెండేళ్ళకు అక్కడ నూటికి 78 మిగిలితే ఇక్కడ 28 మిగులుతుంది. ఎవరూ తాగకుండానే పోయిన వాటా అది. ఆఫీసుల్లో కూడా కొందరి వాటా ఇలాగే కనబడకుండా పోతుంది. కాని అక్కడ తీసుకునేది దేవదూతలు కారు.

ఈ మధ్య మా బ్యాంకు శిక్షణ కళాశాల నుంచి ఉత్తరం వచ్చింది. కొత్తగా చేరిన పిల్లలకు ఆ పట్టు లోన్ల గురించి మీరే చెప్పాలి, ఆ ఆలోచన మీదే కదా అని. ఆ ఉత్తరం, ఈ సీసా ఒకే వారంలో వచ్చాయి. చీటీ మీద లేని పేరు కోసం వెతుకుతున్నప్పుడు నాకు గుర్తొచ్చింది చీటీ కాదు. ఆ పద్నాలుగు పేజీలు, వాటి అడుగున నా సంతకం. నేను కలిపినదీ ఒక చెంచాడే. బర్న్‌సైడ్ వాళ్ళు తమ పేరు కాపాడుకోవడానికి కలిపితే, నేను ఇంకొకడి పేరు చెరపడానికి కలిపాను.

మన సాహిత్యంలో ఇలాంటి తగాదాలు కొత్త కాదు. క్రీడాభిరామం వల్లభరాయుడిదా, శ్రీనాథుడిదా అని పండితులు వాదించుకున్నారు. అది రుజువు చేసేందుకు సాక్షులు లేరు. నా విషయంలో సాక్షులిద్దరమూ బతికే ఉన్నాం. ఇక వాదన ఎందుకు? పాత డైరీ తీసి ఫోన్ చేశాను.

"సార్! బాగున్నారా? ఇన్నాళ్ళకు గుర్తొచ్చానా?" అన్నాడు. ఇప్పుడు ఆయనకూ తల నెరిసి ఉంటుంది. అంచేత ఇకనుంచి 'ఆయన' అనడమే మర్యాద. సంగతంతా చెప్పాను. శిక్షణ కళాశాలలో మీ పేరు చెబుతాను, ఒక పత్రికకు వ్యాసం రాస్తున్నాను, అందులో కూడా రాస్తాను అన్నాను. మనసులో కొంచెం గొప్పగానే ఉంది. అప్పు తీర్చబోయేవాడి గొప్ప.

ఆయన కాసేపు నవ్వారు. "పేరు వద్దు సార్. ఇప్పుడు దాన్నేం చేసుకుంటాను? పత్రికలో అయితే అసలే వద్దు" అన్నారు. తర్వాత గొంతు కొంచెం తగ్గించారు. "ఒకటి మాత్రం అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ చివరి పేరా నాది కాదని చెప్పండి. అక్కడి చరకావాళ్ళు కొందరు అది నేనే రాశానని ఇప్పటికీ అనుకుంటున్నారు. మార్కెట్టులో కూర్చుని వాళ్ళ లెక్కలు రాసుకున్నది నేనే కదా సార్."

చివరి పేరా ఏమిటో నాకు వెంటనే జ్ఞాపకం రాలేదు. అదీ నా సిగ్గే. తర్వాత జ్ఞాపకం వచ్చింది. లోను కావలసినవాడు తన పేరుమీదే మూడేళ్ళ మార్కెట్టు రసీదులు చూపాలని నేను చేర్చిన షరతు అది. మేనేజరన్నవాడు జాగ్రత్తపరుడుగా కనబడాలి కదా! ఆ ఊళ్ళో చరకా మీద నూలు తీసే చిన్నవాళ్ళు చాలామంది ఇంకొకరి లైసెన్సు మీద గూళ్ళు కొనేవాళ్ళు. వాళ్ళ పేరుమీద రసీదు ఎక్కణ్ణించి వస్తుంది? ఎవరికోసం ఆ పద్నాలుగు పేజీలూ రాశారో వాళ్ళే గడప బయట నిలబడిపోయారు. కొంచెం పెద్దవాళ్ళకు లోన్లందాయి. పథకం జయప్రదమైందని మేం చెప్పుకున్నాం.

అంటే ఇన్నేళ్ళూ మెప్పుకు నా సంతకం దొరికింది. నిందకు ఆయన మొహం దొరికింది. బర్న్‌సైడ్ చెంచాడు రుచి మార్చదు. నా చెంచాడు రుచి మార్చింది. సరుకు చేదైంది. ఆ చేదు కాచినవాడి ఖాతాలో పడింది.

పేరు లేకపోవడం తప్పా అని నేను మొదలుపెట్టాను. కాదనే ఇప్పుడు నాకు తోస్తోంది. పేరు చెప్పొద్దన్నవాడి పేరు చెప్పకపోవడం మర్యాదే. ఆ బట్టీ తన పేరు తానే వద్దనుకుంది. ఈయన కూడా వద్దన్నారు. కాని 2006లో ఆయన్ను ఎవరూ అడగలేదు. సీసా మీద ఖాళీ, నోటు మీద ఖాళీ చూపుకు ఒక్కలాగే ఉంటాయి. ఆ ఖాళీ ఎవరి చేత్తో ఏర్పడిందన్నదే అడగవలసిన ప్రశ్న. పేరును మనం మెప్పు పంచుకునే చీటీ అనుకుంటాం. అందులో సగం జవాబుదారీ. ఆయనకు మెప్పు సగం అక్కర్లేదు. తనది కాని తప్పుకు జవాబుదారీ మాత్రం తీసెయ్యమన్నారు. అది అడగడానికి ఆయనకు హక్కుంది.

శిక్షణ కళాశాలకు వెళతాను. పిల్లలకు నోటు మొత్తం చూపిస్తాను. పద్నాలుగు పేజీలూ ఒక యువ ఆఫీసరు రాశారనీ, పేరు వద్దన్నారనీ చెబుతాను. ఆయన కోరిన ప్రకారం ఇక్కడా పేరు రాయలేదు. చివరి పేరా నాది.